అడుగు నీళ్ళు ఎటు పోతాయి?

“టీ తాగండి మేడమ్, చల్లారిపోతోంది. కేసు ఎలాగూ చల్లారిపోయింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పెద్దమనిషి ఒకప్పుడు నా డిటెక్టివ్ ఆఫీసులోనే పని నేర్చుకున్నాడు. అనుమానితుడి ఇంటి ముందు ఎలా నిలబడాలో, ఎవరి చెప్పులు చూసి ఏం కనిపెట్టాలో అన్నీ నేనే నేర్పాను. తర్వాత పరీక్ష రాసి పోలీసుల్లో చేరాడు. ఇప్పుడు చొక్కా మీద ఒక్క ముడత కనబడదు, మాటలో ఒక్క అనుమానం వినబడదు. నేను ఇస్త్రీబాబు అని పిలుస్తాను, అదీ మొహం మీదే.

“నీ జోకులు తర్వాత. సరంగుని కోర్టుకి ఎన్నింటికి తీసుకెళ్తున్నావ్?”

“పన్నెండింటికి బయల్దేరతాం. రిమాండ్‌కి పంపించానంటే ఇక మీరు జైలుకెళ్ళి మాట్లాడుకోవాల్సిందే.”

గోడ గడియారంలో పదిన్నర దాటింది.

మేం కూర్చున్నది రేవు ముఖద్వారం దగ్గర, రాతిగోడ చివర కట్టిన సర్వే ఆఫీసు గదిలో. నది వచ్చి సముద్రంలో కలిసే చోటు అది. కిటికీలోంచి చూస్తే కిందంతా నీళ్ళే. నాకు ఈత రాదు. నీళ్ళకేసి అదేపనిగా చూడలేను. అందుకని గదిలోకే చూస్తున్నాను. ఒక బల్ల, దాని మీద కంప్యూటర్ తెర, గోడకి నాలుగు కొక్కేలు. మూడు కొక్కేలకి ఈతగాళ్ళు మునగడానికి నడుముకి కట్టుకునే సీసం బెల్టులు వేలాడుతున్నాయి. నాలుగోది ఖాళీ.

ఆ నాలుగో బెల్టు ఇప్పుడు పోలీస్ స్టేషన్‌లో ఉంది. మూడు రోజుల క్రితం ఈ గదిలో రాత్రి డ్యూటీ చేస్తూ చిన్న ఇంజనీరు మాయమయ్యాడు. పోలీసులు సముద్రమంతా గాలించారు. శవం సముద్రంలో దొరకలేదు. వెనక్కి, లోపలి రేవులో, ఫ్యాక్టరీకి నీళ్ళు తోడే గొట్టానికి అడ్డంగా పెట్టిన ఇనుప జాలీకి ఆనుకుని నిన్న పొద్దున దొరికింది. తల వెనక దెబ్బ, నడుముకి బెల్టు.

దొరికిన గంటలోనే ఇస్త్రీబాబు సరంగుని అరెస్టు చేశాడు. సరంగంటే లాంచీ నడిపే మనిషి, చనిపోయినవాడికి స్వయానా అక్క మొగుడు. ఆ రాత్రి అతని లాంచీ ఈ ముఖద్వారంలోనే లంగరేసి ఉంది. ఆ సాయంత్రమే బావా బావమరుదులు జెట్టీ మీద కేకలేసుకోవడం వాచ్‌మన్ విన్నాడు. ‘నోరు మూసుకోకపోతే నీళ్ళలో తోసేస్తా’ అని సరంగు అన్నాడట.

ఆ అక్కే నిన్న సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. “నాకున్నది ఒక్కడే తమ్ముడండీ. వాణ్ణి చంపింది నీ మొగుడే అంటున్నారు. చంపి ఉంటే ఆయన మొహం ఇక చూడను. చంపకపోతే ఇంటికి తెచ్చుకుంటాను. ఏదో ఒకటి నాకు తేల్చి చెప్పండి,” అంది. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు.

ఆ మనిషి ఇప్పుడు గుమ్మంలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూస్తోంది. ఆమె మరిది, అంటే సరంగు తమ్ముడు, ఆ నీళ్ళ అడుగున ఉన్నాడు. సర్వే ఆఫీసులో గజ ఈతగాడు. వాణ్ణి దింపమన్నది నేనే.

ఎందుకంటే ఆ అడుగున ఒక యంత్రం ఉంది. ఇనుప చట్రంలో కూర్చుని, నాలుగు గుండ్రటి కళ్ళతో పైకి చూస్తూ, మన చెవికి అందని కూతలు పెడుతూ ఉంటుంది. నీళ్ళలో కొట్టుకుపోయే నలుసులకి ఆ కూత తగిలి వెనక్కొస్తుంది. నలుసు యంత్రం వైపు వస్తుంటే కూత సన్నబడుతుంది, దూరం పోతుంటే బొంగురుపోతుంది. రైలు మనల్ని దాటిపోయేటప్పుడు కూత మారినట్టే. ముందు వచ్చే జవాబు దగ్గరి నీళ్ళది, ఆలస్యంగా వచ్చేది దూరపు నీళ్ళది. అలా నీళ్ళని పొరలుపొరలుగా విడదీసి, ఏ పొర ఎటు పోతోందో కేబుల్ మీదుగా ఈ తెరకి పంపిస్తుంది. హత్య జరిగిన రాత్రి ఎవరో కేబుల్ పీకేశారు, మర్నాడు మళ్ళీ తగిలించేదాకా ఇక్కడ ఏమీ నమోదు కాలేదు. కానీ యంత్రానికి సొంత జ్ఞాపకం ఉంటుందట. ఆ రాత్రి నీళ్ళ సంగతే కాదు, పైనుంచి ఏ పడవ పోయిందో, ఏది కిందకి దిగిందో కూడా దాని కడుపులో ఉంటుందట.

“పైకి తీయించండి,” అన్నాను పొద్దున.

“దానికేం, నేనే దగ్గరుండి తీయిస్తాను,” అన్నాడు సర్వే ఆఫీసరు, చిన్న ఇంజనీరుకి పైఅధికారి. ఈతగాణ్ణి ఒక్కణ్ణే వెంటబెట్టుకుని సర్వే బోటులో వెళ్ళాడు. ఎంత మంచివాడో అనుకుని నేను థాంక్స్ కూడా చెప్పాను.

టీ అక్కడే పెట్టేసి బయటికొచ్చాను. పోలీసు వ్యాన్‌లో సరంగు బేడీలతో కూర్చున్నాడు. మూడు రోజుల గడ్డం, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

“బావమరిదితో గొడవ దేనికి?”

“సార్‌కి చెప్పాను కదమ్మా.”

“నా చెవులకి చెప్పలేదు. మళ్ళీ చెప్పు.”

“పోయిన నెల ఇసుక పడవ ఈ గోడకి గుద్దుకుని ముగ్గురు పోయారు. తప్పంతా నడిపినవాడిదేనని సర్వే ఆఫీసరు చెప్పాడు. మావాడేమో, ఆఫీసరు ఇచ్చిన నీళ్ళ లెక్కే తప్పు, విచారణలో చెప్పేస్తానన్నాడు. పెద్దాయనతో పెట్టుకోకురా, ఉద్యోగం ఊడుతుందన్నాను. వినడే! నోరు జారాను.”

“లెక్కలో తప్పేంటి?”

“నాకు చెప్పలేదమ్మా. ముందు ఆఫీసరుకే చెప్తానన్నాడు. పెద్దవాడు, నలుగురిలో పరువు తీస్తే బాగోదు, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్తానన్నాడు. వాడంతే, మర్యాద ఎక్కువ.”

“ఆ రాత్రి ఏం చేస్తున్నావు?”

“పడుకున్నాను.” తల దించుకున్నాడు. “తాగి పడుకున్నాను. వాణ్ణి తిట్టానని మనసు బాగోలేక. వాడు అరిచి ఉంటే... ఆ దూరానికి నాకు వినబడేదేనమ్మా.”

ఆ మాట గుమ్మంలో ఉన్న భార్య వింది. ఇటు తిరగలేదు.

నా వెనకే వచ్చిన ఇస్త్రీబాబు నవ్వాడు. “కథ బావుంది కదా మేడమ్? ఇక ఆఫీసరే చంపాడనండి. పాపం ఆయనే మాకు రెండు రోజులు సాయం చేశాడు. ఎక్కడ వెతకాలో చూపించాడు.”

“ఎక్కడ వెతకమన్నాడు?”

“బయట సముద్రంలో. మునిగిన మనిషి అడుగు నీళ్ళతో పోతాడు, ఈ వానల నెలలో అడుగు నీళ్ళు బయటికి పోతున్నాయన్నాడు.”

“మరి శవం లోపల దొరికిందేం?”

“అదే కదా నా పాయింటు! తనంతట తాను లోపలికి రాలేడు. ఎవడో పడవలో తెచ్చి వెయ్యాలి. ఆ రాత్రి ఇక్కడ పడవ ఎవరికుంది?” చిటికె వేసి వ్యాన్ వైపు చూపించాడు. “మీరు నేర్పిన పాఠమే మేడమ్.”

లెక్క సరిగ్గానే ఉంది, అదే నా భయం. ఆఫీసరు చెప్పిన ఆ ఒక్క మాట నిజమైతే, ఈ సరంగు గతి అంతే.

“లోపల దొరకడంలో వింతేముందండీ?” అంది గుమ్మంలోంచి సరంగు భార్య. “ఇక్కడ ఏది మునిగినా ఆ జాలీ దగ్గరికే వస్తుంది. మొన్న వానల్లో లాంచీ టార్పాలిన్ పడిపోతే ఈయన తెల్లారి కాఫీ కూడా తాగకుండా తిన్నగా అక్కడికే వెళ్ళి తెచ్చాడు. ఆ బురద కంపు ఇంట్లోకి తేవద్దని తిట్టాను కూడా.”

“విన్నారా మేడమ్, టార్పాలిన్ సాక్ష్యం!” అంటూ ఇస్త్రీబాబు గదిలోకి నడిచి, కిటికీలోంచి ఖాళీ కాగితం కప్పు విసిరేశాడు.

“చెత్తబుట్ట లేదా నీకు? పోలీసువి, సిగ్గుండాలి!” అని నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను, తిట్టడానికే. కిందకి చూశాను.

కప్పు సముద్రం వైపు పోతోంది. గాలి ఎదురుగా, సముద్రం మీంచి మా మొహాల మీదకి కొడుతోంది. అయినా కప్పు పరుగులాంటి నడకతో బయటికే పోతోంది.

“ఏయ్, ఇలా రా. ఈ తెర మీద పై నీళ్ళు ఎటు పోతున్నాయో చదువు.”

తెర మీద పన్నెండు వరసలు, ఒక్కో వరసకి ఒక్కో బాణం గుర్తు. మొదటి వరస పక్కన ఆఫీసరు తన చేత్తో చీటీ అంటించాడు, ‘పైన’ అని. చివరి వరస పక్కన ‘అడుగు’ అని.

“పైన... లోపలికి. అడుగున బయటికి. ఆయన చెప్పిందే కదా?”

“మరి నీ కప్పు?”

ఇస్త్రీబాబు కిటికీలోంచి చూశాడు. మళ్ళీ తెర చూశాడు. మళ్ళీ కిటికీ.

నేను గది మూలకి వెళ్ళాను. అక్కడ గోనెపట్టా కప్పి పాత యంత్రం ఒకటి ఉంది. పట్టా తీశాను. అవే నాలుగు కళ్ళు. కానీ ఇది పడవ పక్కన బిగించేది. దీని కళ్ళు కిందకి చూస్తున్నాయి. ఆఫీసరు పొద్దున గొప్పగా చెప్పాడు కూడా, ముప్ఫై ఏళ్ళు నదుల మీద ఇలాంటి దానితోనే తిరిగానని, అడుగున కూర్చునే కొత్త రకం ఈ ఊరొచ్చాకే చూశానని.

“ఇది ముందు దేన్ని వింటుంది?” అని అడిగాను.

“దగ్గరున్న నీళ్ళని.”

“పడవకి కడితే దగ్గరున్నవి ఏ నీళ్ళు?”

“పైవి.”

“అడుగున కూర్చోబెడితే?”

ఇస్త్రీబాబు మొహంలో రంగు పోయింది. “మొదటి వరస... అడుగు నీళ్ళు! అయ్యో, ఈయన తలకిందులుగా చదువుతున్నాడు!”

“ఈ ఊరొచ్చినప్పటి నుంచీ. పైన వాననీళ్ళు బయటికి పోతున్నాయి, కింద ఉప్పునీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఇసుక పడవ బరువుకి లోతుగా మునిగి ఉంటుంది, కింది నీళ్ళు దాన్ని లోపలికి నెట్టి గోడకి కొట్టాయి. చిన్న ఇంజనీరు కనిపెట్టింది ఇదే. ఇప్పుడు ఆలోచించు. శవానికి బెల్టు ఎందుకు కట్టారు? అందులో ఎన్ని సీసం ముక్కలున్నాయి?”

“రెండే.”

“మునిగేంత బరువు, కదలకుండా ఉండిపోయేంత బరువు కాదు. అడుగున పడి ఎవరికీ కనబడకుండా సముద్రంలోకి పోవాలని కట్టారు. టార్పాలిన్ ఎక్కడ దొరుకుతుందో తెలిసిన సరంగు అలా చేస్తాడా? పైన వదిలేస్తే నీ కప్పులాగే పోయేవాడు కదా! అడుగు నీళ్ళు బయటికి పోతాయని నమ్మినవాడు ఈ రేవు మొత్తానికి ఒక్కడే.”

చెప్తుంటేనే నాకు తట్టింది. ఆ ఒక్కడూ ఇప్పుడు బోటులో ఉన్నాడు. వాడి బోటు కింద ఈమె మరిది ఉన్నాడు. వాళ్ళు పైకి తెస్తున్నది ఆఫీసరుకి ఉరితాడయ్యే సాక్ష్యం. నేనే అడిగి మరీ పంపించాను. దేవుడా, నేనే పంపించాను!

“బోటుకి వైర్‌లెస్ కొట్టు! ఆపమను, పోలీసులు వస్తున్నారని చెప్పు.”

ఇస్త్రీబాబు సెట్టు అందుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు పిలిచాడు. అవతల గరగర తప్ప ఏమీ లేదు.

తెర కింది మూలలో యంత్రం ఎంత వాలి ఉందో చెప్పే అంకె ఒకటుంది. పొద్దున్నుంచీ రెండు మీదే ఉంది. అది ఐదయింది. తొమ్మిదయింది.

“తాడు కట్టి పైకి లాగుతున్నారు,” అన్నాడు ఇస్త్రీబాబు నెమ్మదిగా. “అంతా బానే ఉన్నట్టుంది మేడమ్...”

అంకె ఒక్కసారిగా డెబ్భైకి ఎగిరింది. బాణాలన్నీ పిచ్చెత్తినట్టు తిరిగాయి. తర్వాత పన్నెండు వరసలూ ఆరిపోయాయి.

సరంగు భార్య ఎప్పుడు లోపలికొచ్చిందో తెలియదు, నా మోచేయి పట్టుకుంది. “ఏమైందండీ? మావాడికేమైంది?” ఆమె గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. ఆ చెయ్యి పట్టుకునే జెట్టీ వైపు పరిగెత్తాను.

బోటు జెట్టీకి వచ్చేసరికి మేమంతా అక్కడే నిలబడి ఉన్నాం. ఆఫీసరు ఒక్కడే దిగాడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

“ఘోరం జరిగిపోయింది ఇన్‌స్పెక్టర్ గారూ. తాడు తెగి యంత్రం కుర్రాడి మీద పడింది. వాడి సిలిండర్లో గాలి ఇంకో పావుగంటకి మించి రాదు. అడుగు నీళ్ళు వాణ్ణి బయటికి ఈడ్చుకుపోయి ఉంటాయి. మీ లాంచీని వెంటనే సముద్రం వైపు పంపించండి. త్వరగా!”

పోలీసు లాంచీ జెట్టీకే కట్టి ఉంది. అందులో ఇద్దరు ఈతగాళ్ళు అప్పటికే లేచి నిలబడ్డారు. ఉన్నది ఆ ఇద్దరే.

“లోపలికి పంపించు,” అన్నాను. “జాలీ దగ్గరికి.”

ఆఫీసరు నన్ను జాలిగా చూశాడు. “అమ్మా, మీకు తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ యంత్రాల్ని చదువుతున్నాను. మీ మాట వింటే ఒక ప్రాణం పోతుంది.”

“చదివారు, పడవకి కట్టిన వాటిని. ఇస్త్రీబాబూ, నీ కప్పు నువ్వే చూశావు.”

ఇస్త్రీబాబు నుదుటి మీద చెమట చుక్కలు కారి కాలర్‌లోకి పోతున్నాయి. “తప్పయితే మేడమ్? మీరు చెప్పింది తప్పయితే వాడు చచ్చిపోతాడు.”

“తప్పయితే ఆమెకి నేనే జవాబు చెప్పుకుంటాను. బయటికి పంపావంటే మనిద్దరం చెప్పుకోవాలి.”

వ్యాన్ కిటికీ ఊచలు పట్టుకుని సరంగు అరిచాడు. “సార్, మీ కాళ్ళు పట్టుకుంటా! లోపలి మెట్ల దగ్గరికి పోనివ్వండి! వాడు నా తమ్ముడు సార్, నేను అబద్ధం చెప్తానా?”

ఇస్త్రీబాబు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత లాంచీ వైపు తిరిగి చెయ్యి ఊపాడు, లోపలికి. “సార్‌ని కూడా వ్యాన్ ఎక్కించండి,” అన్నాడు కానిస్టేబుళ్ళతో.

“నేనెందుకు?” అన్నాడు ఆఫీసరు.

“దారి చూపిద్దురు గానీ, ఎక్కండి.”

మేం అదే వ్యాన్‌లో లోపలి రేవుకి బయల్దేరాం. ఒక బల్ల మీద సరంగు, ఎదురుగా ఆఫీసరు. సరంగు భార్య మొగుడి పక్కన కూర్చుంది. పెళ్ళైననాటి నుంచీ అక్కడే కూర్చుంటున్నట్టు కూర్చుని, బేడీలున్న ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఆమెకి తేలిపోయిందని నాకర్థమైంది. నా సంగతే తేలలేదు. ఆ కప్పు ఏ సుడిలోనో పడి అలా పోయిందేమో, టార్పాలిన్ ఒక్కసారే అలా వచ్చిందేమో అని మళ్ళీ మళ్ళీ లెక్క చూసుకుంటున్నాను.

లోపలి రేవు మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి. లాంచీ ఇంకా మలుపు తిరగలేదు. జాలీ ముందు నీళ్ళు బురదరంగులో, కదలిక లేకుండా ఉన్నాయి. చెత్త, ఆకులు, ఒక చెప్పు. ఇంకేమీ లేదు.

“చూశారా?” అన్నాడు ఆఫీసరు మెత్తగా. “పావుగంట వృథా చేశారు.”

సరంగు భార్య నీళ్ళ అంచుదాకా దిగి, వంగి, మరిదిని పిలిచింది. నీళ్ళలో ఉన్నవాడికి వినబడదని తెలిసీ పిలిచింది. మళ్ళీ పిలిచింది.

“బుడగలు!” అన్నాడు సరంగు.

జాలీకి కొంచెం ఇవతల నాలుగు బుడగలు లేచి పగిలాయి. ఆగిపోయాయి. ఎంతసేపు చూసినా ఇంకేమీ రాలేదు. తర్వాత రెండు చిన్నవి, చాలా చిన్నవి.

నా పక్కనుంచి ఏదో ధబేలుమని నీళ్ళలో పడింది. ఇస్త్రీబాబు! బూట్లతో, టోపీతో, ఆ ముడతలేని చొక్కాతో దూకేశాడు. మునిగాడు, లేచాడు, మళ్ళీ మునిగాడు. మూడోసారి లేచినప్పుడు అతని చేతిలో ఒక నల్లటి భుజం ఉంది. కానిస్టేబుళ్ళు, సరంగు భార్య, బేడీల చేతులతోనే సరంగు, అందరూ పట్టి మెట్ల మీదకి లాగారు. ఈత రాని నేను కూడా మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నానని తర్వాత చూసుకున్నాను.

వాడి ఎడమ భుజం విరిగి వేలాడుతోంది. ముక్కులోంచి రక్తం. నోట్లోంచి గొట్టం పీకేయగానే బురదనీళ్ళు కక్కాడు, గాలి పీల్చాడు, మళ్ళీ కక్కాడు.

“వదినా,” అన్నాడు. “తాడు తెగలేదు. కోశాడు. పైకి చూస్తే కత్తి కనబడింది.” దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. “పైకి తేలితే నన్ను చూస్తాడని తేలలేదు. అడుగునే పడి నీళ్ళతో వచ్చేశాను.”

ఇస్త్రీబాబు మెట్ల మీద కూలబడి, జేబులోంచి తాళంచెవి తీశాడు. సరంగు బేడీలు విప్పి, వాటినే పట్టుకుని ఆఫీసరు దగ్గరికి నడిచాడు.

ఆఫీసరు పారిపోవడానికి చూడలేదు. మమ్మల్నెవర్నీ చూడడం లేదు. జాలీ ముందు నీళ్ళనే చూస్తున్నాడు, లెక్క కుదరని పిల్లాడిలా.

“అడుగునే కదా వదిలాను,” అన్నాడు తనలో తాను. “ఇద్దర్నీ అడుగునే వదిలాను. అడుగు నీళ్ళు బయటికి కదా పోవాలి? ఇక్కడికెలా వచ్చారు?”

బేడీలు పడిన చప్పుడు కూడా అతనికి వినబడినట్టు లేదు. సరంగు భార్య మరిది తలని మొగుడి ఒళ్ళో పెట్టి లేచింది. ఒంటి నిండా బురద. ఆఫీసరు ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందేమోనని కానిస్టేబుల్ అడ్డం రాబోతే నేనే ఆపాను.

ఆమె కొట్టలేదు. “ఆ రాత్రి మా తమ్ముడు మీకు చెప్పాలనుకున్నది అదేనండీ,” అంది.